నాంచారమ్మ పోసిన చక్కెరనీళ్లు

భద్రాచలంలోని ఓ కాలేజీ హాస్టల్లో నాంచారమ్మ వంట చేస్తుంది. ఎవరి కడుపు ఖాళీగా ఉన్నా ఆమెకు కాలు నిలవదు. పర్ణశాలకు పోయే యాత్రికుల బస్సు గేటు ముందు చెడిపోతే, అది బాగయ్యేలోపు అందరికీ ఉప్మా పెట్టి పంపింది. మొగుడు కాశయ్య బొగ్గుబావిలో చేసి రిటైరయ్యాడు. "మా ఇంట్ల ఎలుకలు గూడ బలిసినయ్" అంటాడు.

అదే కాలేజీలో పాఠాలు చెప్పే మధులత, దుమ్ముగూడెం అడవి మట్టిలోని బాక్టీరియాను గాజుబుడ్లలో పెంచుతోంది. రోగక్రిములను చంపే మందు అవి చేస్తాయని ఆమె ఆశ. సోమవారం ఆమె పరిశోధనకు గైడైన ప్రొఫెసర్ వచ్చి చూస్తాడు. మందు కనిపించకపోతే పరిశోధన ఆగినట్టే.

శుక్రవారం ఊరికి పోతూ ల్యాబు గది తాళంచెవి నాంచారమ్మకిచ్చింది.

"కరెంటు పోతే జనరేటర్ పెట్టించక్కా. ఇంకేం ముట్టకు."

"మరి వాటి తిండో, బిడ్డా?"

"ఉన్నంత తింటయి. అయిపోతే గట్లనే ఉంటయి."

గట్లనే ఎట్లుంటాయి! తెల్లారి నాంచారమ్మ చక్కెరనీళ్లు మరిగించి, చల్లార్చి, మధులత చేసినట్టే, వేరే క్రిములు పడకుండా మంట పక్కన మూత తీసి బుడ్డికింత పోసింది. ఆదివారం మళ్లీ పోసింది.

ఆ సాయంత్రం మధులత వచ్చి, రోగక్రిములు పెంచిన పళ్లెంలో బుడ్డినీళ్లు ఓ చుక్క వేసింది. మందుంటే చుక్క చుట్టూ క్రిములు చచ్చి, తేటగా వలయం పడాలి. సోమవారం ప్రొఫెసర్ చూస్తే వలయమే లేదు.

"ఇంత బలిసినయి, మందేది?"

చాయ్ తెచ్చిన నాంచారమ్మ నిజం చెప్పేసింది. "పాపం, ఆకలి మీదున్నయని నేనే పోసిన సారూ!"

ఆయన నవ్వి వారం గడువిచ్చాడు. సంగతి ఇది: మందు చేసే జన్యువులు వాటిలో ఉన్నా, తిండి పుష్కలంగా ఉన్నంతసేపు మూతపడే ఉంటాయి. తిండి తగ్గి, గుంపు పెరిగాక ఒకదానికొకటి రసాయనంతో కబురు పంపుకుంటాయి. అప్పుడా జన్యువులు తెరుచుకుంటాయి.

మధులత కొత్త బుడ్లు పెట్టింది. నాంచారమ్మ తాళంచెవి మొగుడి చేతిలో పెట్టింది. "నేనడిగినా ఇయ్యకు."

కాశయ్య గది ముందు కుర్చీ వేసుకున్నాడు. "బావిల మందుగుండుకు గూడ ఇంత కావలి గాయలే."

"సన్నబడ్డయా?" అని కిటికీలోంచి తొంగి చూసేదామె.

"నాకేం కనపడ్తయే?"

"నీ గుండె గూడ బొగ్గే అయ్యింది!"

వారానికి పళ్లెంలో వలయం పడింది, రూపాయి బిళ్లంత. పరిశోధన నిలబడింది. నాంచారమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఆకలైతే మందు జేస్తయా! ఈయన తిట్టుడు తప్ప ఏం జేస్తడు?"

"నువ్వెన్నడన్న ఆకలి కానిచ్చినవా?" అన్నాడు కాశయ్య.

ఆమె మధులత వైపు తిరిగింది. "పనైపోయింది గద బిడ్డా, ఇగనన్న వాటికింత పెడదమా?"

పనయ్యాక బుడ్లను ఆవిరిలో ఉడికించి, వాటిలోని బాక్టీరియాను చంపేస్తారు. ఆ మాట చెప్పలేక మధులత, "నేను పెడతలే అక్కా" అంది.