సొంతూరి గడి

బస్తర్ గనుల మధ్య కిరండుల్‌లో, ప్రతి ఆదివారం మా తెలుగువాళ్ళ పఠన బృందం కూర్చుంటుంది. ఆ రోజు శ్రామికులకు ఎల్లలు లేవని రెండు గంటలు మాట్లాడుకున్నాం. పకోడీలు రాగానే మా బృందం పెద్దాయన గొంతు మారింది. క్వార్టర్ల వెనక ఒడిశా కూలీలు పాకలు వేసుకున్నారట. "బయటోళ్ళతో ఊరు పాడైపోతోంది. ఖాళీ చేయించమని అర్జీ రాయమ్మా" అన్నారు నాతో.

నాకు ఒళ్ళు మండింది. అయినా రాశాను. సంతకాల పక్కన 'సొంతూరు' అని ఒక గడి మాత్రం అదనంగా గీశాను. ఇక్కడ మూడు తరాలుగా ఉంటున్నా, సొంతూరు అడిగితే మావాళ్ళు తాతల ఊరే చెబుతారు. అందరూ హుషారుగా నింపారు.

నేను పైకి చదివాను. "బయటివాళ్ళను వెంటనే పంపించెయ్యాలి. ఇట్లు, పలాస, బొబ్బిలి, టెక్కలి, పార్వతీపురం."

పకోడీలు నమలడం ఆగింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "మరి నీది ఏ ఊరమ్మా?" అన్నారు.

నేను ఈ ఊరి ఆసుపత్రిలోనే పుట్టినదాన్ని. ఆ ధీమాతోనే పెన్ను అందుకున్నాను. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ 'పాలకొండ' అని రాసేసింది.

పెద్దాయన అర్జీని బల్ల మీద పరిచి, దాని మీదే నాలుగు పకోడీలు పెట్టి నా వైపు జరిపారు. "తిను తల్లీ. నువ్వూ బయటిదానివే."