కాగితం మీద రెండేళ్లు

మొన్న పొద్దున పేపరు తిరగేస్తుంటే, యువ రసాయన, భౌతిక శాస్త్రవేత్తలకు ఇచ్చే జాతీయ పురస్కారం ఎవరెవరికి వచ్చిందో ఫొటోలతో వేశారు. అందులో ఒక అమ్మాయి పేరు పక్కన వయసు చూసి, కోరుట్లలో నేనొక్కదాన్నే ఉంటున్న ఈ ఇంట్లో, చాయ్ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

ఆ పురస్కారానికి ఒకప్పుడు నా పేరు కూడా పంపాలనుకున్నారు. మా నాయన సిరిసిల్లలో నూలుకు రంగులద్దేవాడు. ఆ అద్దకం నీళ్లు మోరీలో కలవకముందే వాటి రంగు విరిగిపోయే ఉపాయం కోసం నేను హైదరాబాదులో ఆరేళ్లు పనిచేశాను. మా గురువుగారు దరఖాస్తు తానే రాసి, నా పదో తరగతి సర్టిఫికెట్ అడిగి తీసుకుని చూసి, తిరిగి నా ముందు పెట్టారు. వయసు ముప్పై అయిదు దాటకూడదు. కాగితంలో నాకు ముప్పై ఆరు. మా వాడలో బోరింగు వేసిన ఏడు పుట్టానని అమ్మ చెప్పే లెక్కన ముప్పై నాలుగే. మన తరంవాళ్ల పుట్టినరోజులు బడిలో పెద్దసారే రాసేవారని మీకు తెలియనిది కాదు.

మర్నాడే బస్సులో సిరిసిల్లకు, ఇంటికి వెళ్లాను. నాయన రంగు చేతులు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"అక్క ఒక్కతే బడికి పోనని ఏడ్చింది బిడ్డా. ఇద్దరు ఒక్క తరగతిల కూసుంటరని నీకు రెండేండ్లు ఎక్కువ రాపిచ్చిన" అన్నాడు. చేతులు తుడుచుకుని, "పెద్దసారు కాడికి పోదాం పా. తప్పు నాదేనని చెప్త" అంటూ అంగీ అందుకున్నాడు. పెద్దసారు పోయి అప్పటికే చాలా ఏళ్లయింది.

"గంత పెద్ద బహుమానం గాదు తియ్యి నాయినా" అని అబద్ధమాడాను.

అక్క అయిదో తరగతితోనే ఆగిపోయి మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది. ఆ తర్వాత తరగతిలో అందరికన్నా పొట్టిదాన్ని, ఏ జతా లేనిదాన్ని నేనే. ఆ ఏడు పురస్కారం ఎవరికి వచ్చిందో తెలుసుకోలేదు. జగిత్యాల కాలేజీలో చేరి పాఠాలు చెప్పుకుంటూ, కాగితం చెప్పిన రోజునే, అంటే రెండేళ్లు ముందే, రిటైరయ్యాను.

ఇప్పటి పిల్లలకు పుట్టిన నిమిషంతో సహా ఆసుపత్రివాళ్లే రాసిస్తున్నారు, మంచిదే. నా అసలు వయసు అమ్మకు, నాయనకు, అక్కకు తెలుసు. నిరుడు అక్క కూడా పోయింది. నిన్న ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి వయసెంతని అడిగితే, కాగితంలో ఉన్నదే చెప్పాను.