పూజకు పెట్టిన ఇంజన్

మొన్న దసరా సంది మా గల్లీల తలెత్తి నడుస్తలేను అన్నా. చాయ్ తాగుకుంట విను. నవ్వితే మాత్రం సగంల లేచిపోత.

మా బాపు పాత అంబాసిడర్ ఎరికే గదా. మూడేండ్ల సంది వాకిట్లనే పండింది. మోకాళ్ల ఆపరేషన్ అయినంక బాపు దసరాకు జమ్మి కాడికి పోవుడు కూడ బంద్ వెట్టిండు. ఆటోల పోదాం అంటే వినడు. "పోతే నా కార్లనే పోత, లేకుంటే ఇంట్లనే ఉంట" అంటడు. ఆ మాటకు నాకు మస్తు బాధయింది. ఈ దసరాకు నేనే ఇంజన్ బాగుచేసి తోల్కపోత అని మాటిచ్చిన. నేను చేసే పనేమో స్కూల్ల లెక్కలు చెప్పుడు.

ఆ కారును ముప్పయ్యేండ్లు చూసిన మెకానిక్ యూసుఫ్ చాచా మా ఎనక గల్లీలనే ఉంటడు. "బేటా, నన్ను రానియ్యి. వారం పడ్తది" అన్నడు. నేను విన్ననా? ఫోన్ల వీడియోలు చూసుకుంట ఇంజన్ మొత్తం విప్పిన. పిస్టన్లు, వాల్వులు, బోల్టులు పెట్రోల్‌తోటి తుడిచి, వాకిట్ల చాప మీద వరుసగ పెట్టి, దేనికి దానికి చాక్‌పీస్‌తోటి నంబర్ ఏసిన. సార్‌ను గదా, చేతికి అదే వస్తది.

పండుగ పొద్దుగాల మొదలువెడ్తే సాయంత్రానికి బిగించొచ్చని నా లెక్క. లేచినకాడికెల్లి ఒక్కకాడ కూసుంటలేను. వాకిట్లకు పోత, ఇంట్లకొస్త, గడియారం చూస్త, మళ్ల వీడియో పెడ్త. అప్పుడే అమ్మ వచ్చింది.

"బిడ్డా, ఆయుధ పూజకు నీ సామాన్లు ఏమన్న పెట్టాల్నా?"

ఫోన్ల మునిగి, తల ఎత్తకుంటనే "అన్నీ పెట్టుకోయే" అన్న. నా మనసుల ఉన్నయి పానాలు, స్క్రూడ్రైవర్లు. అని, ఇంజన్ ఆయిల్ కోసం బజారుకు పోయిన. పండుగ పూట దుకాండ్లన్నీ బంద్. తిరిగి తిరిగి వచ్చేసరికి చాప ఖాళీ.

పూజగదికి ఉరికిన. చింతపండు పెట్టి తోమిన నాలుగు పిస్టన్లు కొత్త గిన్నెల లెక్క మెరుస్తున్నయి. ఎనిమిది వాల్వులకు పసుపు, కుంకుమ బొట్లు. పెద్ద బోల్టులు ఒక పళ్లెంల, చిన్నయి ఇంకో పళ్లెంల. నంబర్ ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఎవలో సున్నంతోటి గీకిండ్రు బిడ్డా. మంచిగ కడిగిన" అన్నది అమ్మ.

ఏది ఎక్కడిదో ఇగ ఎట్ల తెల్వాలె? ఒక పిస్టన్ తీయబోతే అమ్మ చేతి మీద ఒక్కటి ఏసింది. "పూజకు పెట్టినయి రేపటిదాంక ముట్టద్దు. గా మాత్రం తెల్వదా?"

సిగ్గు ఇడిసి చాచాకు ఫోన్ చేసిన. ఆయన వచ్చి, గడపకాడ నిలవడి, కండ్లద్దాలు తుడుచుకొని మళ్ల చూసిండు. "ముప్పయ్యేండ్లల్ల గిట్ల మెరిసిన పిస్టన్ నేను చూడలే" అన్నడు. అమ్మ మురిసిపోయింది.

నాలుగు కొట్టింది. బాపు ఇస్త్రీ ధోతి కట్టుకొని అప్పటికే కార్ల స్టీరింగ్ ముందల కూసున్నడు. నేను కారు చుట్టు తిరుగుతున్న. ఆఖరికి చెప్పిన. బాపు మెల్లగ కర్ర తీసుకొని దిగబోయిండు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చాచా తలుపు అడ్డం పట్టిండు. "కూసో అన్నా. ఇంజన్ పూజల ఉన్నది గని చక్రాలు ఈడనే ఉన్నయి గదా" అని ఎనకకు పోయి కారుకు చేతులు ఆనిచ్చిండు. నేను పక్కన నిలవడి నెట్టిన. మమ్మల్ని చూసి గల్లీలోళ్లు నలుగురొచ్చిండ్రు. నేనేసిన కొత్త బ్యాటరీకి హారన్ ఒక్కటి పనిచేస్తాంది. బాపు తోవ పొడుగూత కొట్టిండు.

జమ్మి కాడ జనం కారు కాడికే వచ్చి, బాపు చేతిల జమ్మి ఆకు పెట్టి మొక్కుతున్నరు. ఆయన మొఖం ఎలిగిపోతాంది. అంగీ మొత్తం చెమటతోటి తడిసి, ఊపిరి ఎగపోసుకుంట నేను కూడ పోయి మొక్కిన. బాపు నా తల నిమిరి, అందరికి వినొచ్చేటట్టు అన్నడు.

"మావోడు ఇంజన్ మంచిగ చేసిండు. పొగ లేదు, సప్పుడు లేదు. జర రొప్పుతాంది, అంతే."