గోడ మీద చెంబు చప్పుడు

నా చిన్నప్పుడు ఒక పొద్దున మా చిన్నమ్మ అద్దాన్ని వెనక్కి తిప్పి గోడకు తగిలించింది. నిజామాబాద్‌లో పెళ్లికి ఇంటిల్లిపాదీ తయారై ఉన్నాం. ఆమె మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, నేను రానంటూ గడప మీద కూర్చుండిపోయింది.

ముందు రోజు ఆమె చేసిన పని మా బోధన్ వాళ్లకే తోచేది. ఇంట్లో ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములు ఉండేవి. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు, చక్కెరకూ కొదవే లేదు. రెండూ కలిపి నూరి, బరకగా ఉన్న ఆ ముద్దతో మొటిమల మీద మంట పుట్టేదాకా రుద్దుకుంది. తెల్లవారేసరికి బుగ్గలు వాచాయి, మొటిమలు చితికాయి, పైన ఎంత కడిగినా పోని పసుపు.

మా బాబాయి భార్య ఆమె. ముప్పై దాటి, ఇద్దరు పిల్లలు పుట్టాక మొదలైన మొటిమలవి. పదహారేళ్ల పిల్లలకు రావలసినవి తనకెందుకు వచ్చాయన్నది ఒక బాధ. పక్కింటి అక్కకు ఎందుకు లేవన్నది అంతకన్నా పెద్ద బాధ. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన కుటుంబం అక్క వాళ్లది. ఇద్దరిదీ ఒకే వయసు, తాగేది ఒకే బావి నీళ్లు, మధ్యలో నడుమెత్తు గోడ. అయినా అక్క ముఖం నున్నగా ఉండేది. ఆ నునుపు చిన్నమ్మకు కంట్లో నలుసు.

అందుకే నన్ను ఆరా తీయడానికి పంపేది. “పోవే, ఏం రాసుకుంటదో సూసిరా. మనకు సెప్పకుండ దాస్తున్నది.”

నేను చూసి వచ్చి చెప్పేదాన్ని. సబ్బుతో మెల్లగా కడుక్కుంటుంది, మెత్తటి గుడ్డతో అద్దుకుంటుంది, సాయంత్రం ఏదో ట్యూబు నుంచి పెసరగింజంత తీసి రాసుకుంటుంది.

“గంతేనా? గంత దానికే గట్ల మెరుస్తదా? నీకు బిస్కెట్ ఇచ్చి నోరు మూసినట్టుంది.”

బిస్కెట్ ఇచ్చిన మాట నిజమే.

ఆ పెళ్లి ప్రయాణం పొద్దున మా ఇంట్లో గొడవ విని పక్కింటి అక్కే మా ఇంటికి వచ్చింది. ఆ ముఖం చూసి నవ్వలేదు. చిన్నమ్మను వాకిట్లో ఎండలోకి తీసుకెళ్లి, తన చెంప తిప్పి చూపించింది. దగ్గరగా చూస్తే దవడ పొడుగునా సన్నని గుంటలు. తనకూ ఏళ్ల తరబడి ఉండేవట. నిజామాబాద్‌లో చర్మం డాక్టరు ట్యూబు ఇస్తే, తగ్గడానికి నెలలు పట్టిందట. మానేస్తే మళ్లీ వస్తాయట.

“రుద్దొద్దు వదినగారూ, గిల్లొద్దు. రోజూ చేసుకోవడమే, ఇంకేం లేదు.”

రహస్యం ఇంత చిన్నదైనందుకు చిన్నమ్మకు ఒళ్లు మండింది. వాపు తగ్గాక ఇద్దరూ బస్సెక్కి ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చారు. వారం తిరక్కుండానే చిన్నమ్మ తన ట్యూబును గూట్లో పడేసింది.

అప్పుడు అక్క ఒక ఎత్తు వేసింది. మా ఊళ్లో పొద్దున, సాయంత్రం చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగేది. అది వినగానే అక్క గోడ పక్కకు వచ్చి ముఖం కడుక్కుని, ఖాళీ చెంబుతో గోడను ఠంగున కొట్టేది. “నాదైపోయింది వదినగారూ. మీకంత ఓపిక ఎక్కడిది లెండి.”

“దీని సెంబు వగల,” అని తిట్టుకుంటూ మర్నాడు చిన్నమ్మ సైరన్ ఆగకముందే నీళ్లతో గోడ దగ్గర నిలబడింది. ఆ రోజు ముందు మోగింది మా చెంబు. ఇక ఆమె కడుక్కోవడం గానీ, ట్యూబు రాసుకోవడం గానీ మానలేదు. ముఖం బాగుపడాలని కాదు, పక్కింటి చెంబు ముందు మోగకూడదని. చెరుకు కోతల్లో మొదలైన ఆ పోటీ ఎండాకాలం దాకా సాగింది. కొత్త మొటిమలు తగ్గిపోయాయి, మచ్చలు కొన్ని మిగిలాయి. అద్దం ఎప్పుడు ఇటు తిరిగిందో మేమెవరం చూడలేదు. కుళ్లు మాత్రం తగ్గలేదు. అక్క సబ్బు తన సబ్బు కన్నా మంచిదని కొత్త అనుమానం పట్టుకుంది.

ఇప్పుడు యాభై దాటిన నా గడ్డం మీద మొటిమలు లేస్తున్నాయి. కోడలి అలమరలో ఎన్నో సీసాలున్నా నాకు ఒక సబ్బు, డాక్టరు రాసిన ఒక ట్యూబు చాలు. ఫ్యాక్టరీ మూతపడ్డాక బోధన్‌లో ఆ సైరన్ మోగడం లేదు. బద్ధకించిన రోజున ప్లాస్టిక్ మగ్గుతో సింకు అంచును నేనే ఒకసారి కొట్టి, ముఖం కడుక్కుంటాను.

పక్కింటి వాళ్లు ఎప్పుడో భూములు అమ్ముకుని సొంతూరికి వెళ్లిపోయారు. చిన్నమ్మకు చూపు మందగించింది. అయినా కోస్తా వైపు నుంచి ఎవరొచ్చినా దగ్గర కూర్చోబెట్టుకుని అడుగుతుంది. “దాని మొకం ఇంకా గట్లనే ఉన్నదా, ముడతలు వచ్చినయా?”

ఆమెకు జవాబు తెచ్చినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు.