సీరియల్ సెట్టులో ఒక్క బల్బు

క్రిస్మస్‌కు ముందు శనివారం, సాయంత్రం నాలుగున్నర. మా చర్చిలో వేదిక మీద కట్టిన సీరియల్ సెట్టు వెలగలేదు. వెలగకుండా చేసింది నేను. ఇది జరిగి ఆరేళ్లయింది.

ఆ సెట్టు కట్టింది నా కోడలు. ఐటీఐలో కరెంటు పని నేర్చుకుని మా ఇంటికి వచ్చిన పిల్ల. వచ్చి రెండేళ్లయినా, ఇరుగుపొరుగు ఇళ్లలో ఫ్యాన్లు బిగించడం తప్ప పెద్ద పని చేతికి రాలేదు. అప్పుడు చర్చి పక్కన కొత్త హాలు కడుతున్నారు. దాని వైరింగ్ తనకు ఇమ్మని పాస్టరు గారిని అడిగింది. "ముందు క్రిస్మస్ లైట్లు కట్టమ్మా. కమిటీవాళ్లు చూస్తారు. తర్వాత మాట్లాడదాం" అన్నారాయన. అంటే ఆ శనివారం ఆమెకు పరీక్ష.

నేను కడియం నర్సరీల్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. నడుముకు కత్తెర లేకుండా ఇల్లు కదిలేదాన్ని కాదు. మొక్క చివర తుంచితే పక్కల నుంచి నాలుగు కొమ్మలు వస్తాయి. వాలిపోయిన రెమ్మ తీసేస్తే మిగతాది తేరుకుంటుంది. అప్పటికి నాకున్న చదువు అంతే.

ఆ మధ్యాహ్నం వేదిక తుడవడానికి వెళ్లాను. కోడలు బయట గేటు మీద నక్షత్రం కడుతోంది. లోపల దండలో ఒక బల్బు కిందికి జారి, పాస్టరు గారు నిలబడే చోట సరిగ్గా నుదుటికి తగిలేలా వేలాడుతోంది. స్విచ్ వేసి లేదు. కత్తెర తీసి ఆ బల్బును కత్తిరించేశాను. ఒకటి పోతే ఏం, ఇంకా వంద ఉన్నాయి కదా అనుకున్నాను.

స్విచ్ బోర్డు పక్కన కోడలు ఏదో రాసి అంటించిన కాగితం ఉంది. చూశాను. చదవలేదు. నాకు చదవడం రాదు. ఆ సంగతి చర్చిలో ఎవరికీ తెలియదు. స్త్రీల సమాజానికి పెద్దను నేను. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి పుస్తకం తెరిచి ముందు వరసలో నిలబడేదాన్ని. ఇంట్లో కోడలి దగ్గర కూడా "కళ్లు ఆనడం లేదమ్మా, నువ్వే చదువు" అని నెట్టుకొచ్చాను.

నాలుగున్నరకు పాస్టరు గారు, పాస్టరమ్మ గారితో పాటు కమిటీ సెక్రటరీ గారు వచ్చారు. రిటైరైన మాస్టారు. కోడలు స్విచ్ వేసింది. వేదిక మీద చీకటి.

"ఏంటమ్మా, గేటు మీద నక్షత్రం వెలుగుతోంది కదా. ఇదేమన్నా అలిగిందా?" అన్నారాయన.

చర్చి గంట కొట్టే తాత ఊరుకుంటాడా? "టీవీలో సీరియలైతే ఏడుస్తా అయినా నడుస్తాదండి. ఇది అదీ లేదు" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు తల తీసేసినట్టయింది. "చూసుకుని కట్టొద్దూ? పదిమందిలో పరువు తీసేశావు" అని కోడలి మీద అరిచాను. మొదట నోరు చేసుకున్నది నేనే.

నా కొడుకు నిచ్చెన పట్టుకుంటే ఆ పిల్ల ఎక్కుతూ మాస్టారికి నిదానంగానే చెప్పింది. "గేటు నక్షత్రానికి విడిగా లైన్ ఇచ్చానండి. పంటబోదెకి ఎవరి చేను గండి వాళ్లదే అన్నట్టు. ఒకళ్లది మూసినా పక్కోళ్లకి నీళ్లు ఆగవు. ఇళ్లల్లో వైరింగ్ కూడా అంతేనండి. ఈ దండలో బల్బులు చిన్నవి, విడిగా ఇస్తే ఒక్కోటీ అంత వోల్టేజీ తట్టుకోలేదు. అందుకని వరసగా కట్టి అన్నిటికీ పంచుతారు. పై చేలోంచి కింది చేలోకి పారించినట్టు. కాకపోతే మధ్యలో గట్టు అడ్డుపడినా నీళ్లు పై చేను తడుపుతాయి. కరెంటుకి తిరిగెళ్లే దారి లేకపోతే అసలు బయల్దేరనే బయల్దేరదండి."

చెబుతూనే తెగిన చోటు పట్టుకుంది. రెండు కొసలూ ఏటవాలుగా తెగి ఉన్నాయి. అంటు కట్టేవాళ్లు కోసే కోత అది. కోడలు నిచ్చెన మీద నుంచి నా నడుము వైపు చూసింది.

"ఎలకా?" అన్నారు మాస్టారు.

"కాదండి."

"మరేంటి?"

ఆమె ఆగింది. నేను చెప్పడానికి చోటు ఇచ్చింది. నేనే కత్తిరించానంటే, కాగితం మీద రాసి ఉంది కదా, చదవలేదా అంటారు. అప్పుడు నాకు చదువు రాదని బయటపడుతుంది. నేల చూస్తూ నిలబడ్డాను.

"నేనే చూసుకోలేదండి" అంది కోడలు. కొసలు మెలిపెట్టి టేపు చుట్టింది. దండంతా వెలిగింది. కానీ మాస్టారు అప్పటికే పాస్టరు గారి వైపు తిరిగారు. "దండకే ఇంత అయితే హాలు మాటేంటండి? రాజమండ్రి నుంచి మనిషిని పిలుద్దాం."

ఆ తర్వాత మా పేటలో ఫ్యాను బిగించమని కూడా ఆమెను ఎవరూ పిలవలేదు. పనిముట్ల సంచి అటక ఎక్కింది. ఇప్పుడు నర్సరీలో సంచులకు మట్టి నింపుతోంది. నా పని దానికి అంటగట్టాను.

రెండేళ్ల కిందట పాస్టరమ్మ గారు మధ్యాహ్నాలు ఆడవాళ్లకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టారు. సిగ్గు విడిచి వెళ్లి కూర్చున్నాను. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి రాత ఆ కాగితమే. ఎవరూ పీకలేదు, రంగు మారి ఇంకా అక్కడే ఉంది. "ఇది సీరియల్ సెట్టు. ఒక్క బల్బు తీసినా అన్నీ ఆరిపోతాయి. ముట్టుకోవద్దు." కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను.

ఇంటికి వెళ్లి, కత్తిరించింది నేనేనని కోడలితో చెప్పాను. బట్టలు పిండుతోంది, పిండడం ఆపలేదు.

"నాకు ఆ రోజే తెలుసు కదండీ. చెప్పాల్సింది నాకు కాదత్తయ్య గారూ, అక్కడున్నోళ్లకి."

అప్పుడూ చెప్పలేదు. రేపు, ఎల్లుండి అంటూ రెండేళ్లు గడిపాను. ఈలోగా గంట కొట్టే తాత పోయాడు. మాస్టారు తణుకులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. నోటితో చెప్పే వీలు సగం పోయింది కాబట్టి రాస్తున్నాను. తీగ కోసింది నేను. కోడలి పనిలో తప్పు లేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: పాస్టరు గారు, పాస్టరమ్మ గారు, సెక్రటరీ మాస్టారు, గంట కొట్టే తాత, నిచ్చెన పట్టుకున్న నా కొడుకు, నిచ్చెన మీద నా కోడలు, కింద నేను.