కొసరు అడగని బేరం

మా పాపకు అయిదేళ్లు. ఇవాళ నేర్పిన మాట రేపటికి మరిచిపోయేది. అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి కదా, కన్నబిడ్డతోనూ బేరమే పెట్టేవాణ్ణి: "పేరు చెప్తేనే పండు."

హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో పక్కసీటు అవ్వ సీతాఫలం విప్పి పాపకు ఇవ్వబోయింది. పేరు చెప్పమని నేను బేరం మొదలుపెట్టగానే పాప తల దించుకుంది.

"బిడ్డతో బేరమేందప్పా? మా మనవడూ ఇట్లే ఉండె. అడిగితే బెదిరిపోతారు. ఊరికే ఇచ్చి, పేరు నువ్వే చెప్తా ఉండు," అంటూ అవ్వ పండు పాప చేతిలో పెట్టింది. "సీతాఫలం మెత్తగుండాది. సీతాఫలం తియ్యగుండాది," అని పెనుకొండలో దిగేదాకా చెప్తూనే ఉంది.

ఇంట్లో నేనూ అట్లాగే చేశాను. కొన్ని వారాలకు సంతలో పాప సీతాఫలాల గంపవైపు చూపించి, "తాఫలం" అంది. నా ప్రాణం లేచొచ్చింది. ఇంకోసారి చెప్పమని కొసరు అడగబోయి, నాలుక కరుచుకుని, "సీతాఫలమే తల్లీ" అని పండు చేతిలో పెట్టాను.