మంచుదేశపు పక్షులు

1920ల్లో ఒక వానాకాలం సాయంత్రం, రంగూన్‌లోని బోటాటౌంగ్ రేవులో విశాఖపట్నం స్టీమరు కోసం కూర్చున్నాను. నా పక్కన ఒక మనిషి పసిబిడ్డను కండువాలో చుట్టి గుండెకు హత్తుకుని, పొంగుతున్న నది వైపే చూస్తూ నిలబడ్డాడు. పేరు సూరన్న, భీమిలి దగ్గరివాడట. కూరగాయలమ్మే అతని బర్మా భార్య, ‘మా ఖిన్’ అనే ఆమె, పొద్దున పడవలో అవతలి ఒడ్డుకు వెళ్ళి ఇంకా రాలేదు. గాలికి పడవలు మునిగాయని రేవులో అనుకుంటున్నారు.

ఆడమనిషి వ్యాపారానికి వెళ్ళడం, మగవాడు బిడ్డను చూసుకోవడం నాకు వింతగా తోచింది. అదే అన్నాను.

“ఇక్కడ బజారు ఆడోళ్ళదే బాబూ. నాను మునుపు తిమింగలాల్ని ఏటాడే ఓడలో బొగ్గేసేటోణ్ణి. దచ్చినాన మంచుదేశంలో సముద్రంలోకి పొడుసుకొచ్చిన ఒక కొండకొమ్ము కాడ లంగరేసినాం. అక్కడ లెక్కలేనన్ని పచ్చులు, ఆటిల్లోనూ ఇంతే. ఆడది గుడ్లెట్టి మేతకి సముద్రంలోకెల్లిపోతాది. మగది తిండి మానేసి గుడ్ల మీదే కూకుంటాది. మంచు కప్పేసినా లెగదు.”

“ఆడపక్షి తిరిగి రాకపోతే?” అనేసి నాలుక కరుచుకున్నాను.

అతను బిడ్డ మీది కండువాను సర్దాడు.

“కొన్ని రావు బాబూ. నాను సూసినాను” అన్నాడు. బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. నాకు అతని మొహం చూసే ధైర్యం లేకపోయింది.

చీకటి పడేముందు ఒక పడవ ఒడ్డుకు చేరింది. తడిసి ముద్దయిన మా ఖిన్ దిగి, బిడ్డను అందుకుని, బురదలోనే కూర్చుని పాలిచ్చింది. సూరన్న ఆమె పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. స్టీమరు కూత వేస్తున్నా నాకు లేవబుద్ధి కాలేదు.